మన సున్నపు గోడల గుడి: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ, పేటలోని పెద్దలకు, ఊరు వదిలి హైదరాబాదులోను గల్ఫులోను ఉంటూ కూడా చందా మానకుండా పంపుతున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

2025 జనవరిలో మనం మన పేట కథోలిక చర్చి, అదే మన గుడి ముందు వేపచెట్టు కింద కూర్చున్నప్పుడు తేల్చుకోవాల్సింది ఒక్కటే. పాత గుడిని ఉంచాలా, పడగొట్టి స్లాబు గుడి కట్టుకోవాలా? చుట్టుపక్కల ఊళ్ళలో పాత గుళ్ళు ఒక్కొక్కటే పోయి, టైల్సు అతికిన ఎత్తయిన గుళ్ళు లేచాయి. వాటిని చూసి మన కుర్రాళ్ళకి ఆశ పుట్టడంలో తప్పేమీ లేదు. మన గుడి దక్షిణపు గోడ చూస్తే నడుము ఎత్తు దాకా చెమ్మ పట్టి, పెచ్చులు ఊడి, ముట్టుకుంటే ఇటుక పొడి అరచేతికి అంటుతోంది. పూజకి వచ్చిన ఆడవాళ్ళు చీర గోడకి తగలకుండా సర్దుకుని కూర్చుంటున్నారు. మనం పిలిపించిన ఇంజినీరుగారు పావుగంటలో చుట్టూ తిరిగొచ్చి, గోడలో బలం లేదు, పడగొట్టేయండి అన్నారు.

ఆ రోజు చేతులెత్తించి ఉంటే గుడి పోయేదే. ఎత్తించకముందే వెనక వరసలోంచి ఒక మామ్మగారు లేచారు. "ఏవండీ, ఉత్తరపు గోడకి ఏ జబ్బూ లేదు కదండీ. రెంటికీ ఒకటే ఇటుక, కట్టింది ఒకటే చెయ్యి. మరి ఈ గోడకే ఎందుకొచ్చిందో ఎవరైనా చూశారా?" అని అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ జవాబు వెతకడమే ఈ ఏడాది మన సంఘం చేసిన అసలు పని. అందుకే ఈ నివేదికలో గోడ గురించి ఎక్కువగా, మిగతా కార్యక్రమాల గురించి తక్కువగా ఉంటుంది.

గుడి ఎలా కట్టారు

ఊరు వదిలి పాతికేళ్ళయిన సభ్యుల పిల్లలు చాలామంది గుడిని ఫోన్‌లో ఫొటోగా తప్ప చూడలేదు. వాళ్ళ కోసం కొంచెం వివరంగా రాస్తున్నాను. పెద్దవాళ్ళు కూడా చదవండి. ఈ ఏడాది గోడలు గీకుతూ, పెంకులు దింపుతూ నేను తెలుసుకున్నవి ఇందులో చాలా ఉన్నాయి.

గుడి ముఖం పడమరకి, కాలువ వైపుకి ఉంటుంది. బలిపీఠం తూర్పున ఉంటుంది. ముఖద్వారం మీద మొనదేలిన కమాను, దాని మీద ఒక గుండ్రటి కిటికీ, ఆ పైన ముక్కోణపు గోడ, దాని కొసన సిలువ. చూడ్డానికి యూరోపు గుళ్ళ పోలికే. కానీ కట్టింది మన గోదావరి తాపీ మేస్త్రీలు. ఆ కమానుకి కొలత ఎలా పెట్టారో మన మేస్త్రిగారు నేల మీద గీసి చూపించారు. గుమ్మం ఎంత వెడల్పో అంత తాడు తీసుకోవాలి. ఒక మూల మేకు కొట్టి తాడు తిప్పితే ఒక వంపు గీత పడుతుంది. రెండో మూల నుంచి తిప్పితే రెండో గీత. రెండూ కలిసిన చోటే మొన. కాగితం అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు. గీత ప్రకారం కింద పచ్చి ఇటుకా మట్టీ పేర్చి, దాని మీద కమాను కట్టి, సున్నం బిగుసుకున్నాక మట్టి తీసేస్తారు. గుండ్రటి కమాను పక్క గోడల్ని ఎక్కువగా తోస్తుంది, మొనదేలిన కమాను అంతగా తోయదు. మనలాంటి మెత్తటి ఒండ్రు నేల మీద ఆ తేడా చిన్నది కాదు.

గంట గోపురం మన గుడికి లేదని చిన్నప్పుడు నాకు లోటుగా ఉండేది. పక్కన విడిగా రెండు ఇటుక స్తంభాల మధ్య గంట వేలాడుతూ ఉంటుంది. డబ్బులు చాలక అలా వదిలేశారని అనుకునేవాణ్ణి. మేస్త్రిగారు వేరే సంగతి చెప్పారు. డెల్టా నేల వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలు తీస్తుంది. గోడకి ఆనించి బరువైన గోపురం లేపితే అది ఒక లెక్కన, గోడ ఒక లెక్కన కుంగుతాయి. రెండూ కలిసిన చోట పగులు తప్పదు. గంటని దూరంగా పెట్టిన మనిషికి ఈ నేల సంగతి బాగా తెలుసు.

గోడలు మూరెడు మందం. పునాది కింద వెడల్పుగా మొదలై మెట్లు మెట్లుగా సన్నబడుతూ పైకి వస్తుంది. కిటికీలు మాత్రం కొత్తవాళ్ళకి వింతగా కనిపిస్తాయి, మరీ కిందికి ఉంటాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి గాలి మోకాళ్ళకి తగులుతుంది. ఎందుకంటే ఈ గుడి కట్టినప్పుడు బెంచీలు లేవు. చెప్పులు బయట విడిచి, మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చునేవాళ్ళు. నేల మీద కూర్చున్న మనిషి ముఖానికి కాలువ గాలి తగిలే ఎత్తులోనే కిటికీ పెట్టారు. ఈ ఏప్రిల్‌లో బెంచీలు తీసి బయట పెట్టిన రోజుల్లో పిల్లలతో కలిసి కింద కూర్చుని చూశాను. ఫ్యాను వెయ్యాలని ఎవరికీ తోచలేదు.

పైకప్పుకి తాటి వాసాలు, వాటికి అడ్డంగా రీపర్లు అనే సన్నటి చెక్క పట్టీలు, వాటి మీద మంగుళూరు పెంకులు. ఆ పెంకుల ఫ్యాక్టరీని బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మంగుళూరులో మొదలుపెట్టారు. మన నాటు గూన పెంకులు ఏటా తిరగేసుకోవాలి, కోతులు తొక్కితే జారిపోతాయి. మంగుళూరు పెంకుకి వెనక కొక్కెంలాంటి బొడిపె ఉంటుంది, రీపరుకి పట్టుకుని కూర్చుంటుంది. తాటి వాసాల్లో చెట్టు నడిమి మెత్త భాగం ఒక్కటీ లేదు, అన్నీ నల్లటి చేవే. వాటిలో చెదలు పట్టినవి మూడే మూడు. ఆ మూడూ తీసి కొత్తవి వేశాం.

లోపల తూర్పు గోడకి ఆనుకుని మూడు మెట్ల మీద పాత బలిపీఠం ఉంది. దాని ముందు ఇప్పుడు వాడుతున్న బల్ల పీఠం ఉంది. రెండు పీఠాలెందుకని పిల్లలు అడుగుతుంటారు. పూర్వం ఫాదరుగారు తూర్పుకి తిరిగి, జనానికి వీపు పెట్టి, లాటిన్‌లో పూజ చేసేవారు. 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండవ వాటికన్ మహాసభ తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది, గురువు జనం వైపు తిరిగారు. అప్పుడు ముందుకి బల్ల వచ్చింది. పాతదాన్ని పగలగొట్టకుండా దివ్యసత్ప్రసాద మందసాన్ని, అంటే పూజలో ఆశీర్వదించిన అప్పం ఉంచే పెట్టెని, అక్కడే ఉంచారు. ఆ పని చేసిన పెద్దలకి మనం రుణపడి ఉన్నాం.

ఎవరు కట్టారు

గోదావరి డెల్టాలో క్రైస్తవం అనగానే అందరికీ ప్రొటెస్టెంట్లయిన లూథరన్లు, నరసాపురం మిషన్ వాళ్ళు గుర్తొస్తారు. కథోలికులం ఇక్కడ కొద్దిమందిమే. గోదావరికి తూర్పున విశాఖపట్నం నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు పనిచేశారు, వాళ్ళు 1846లో విశాఖ చేరారు. పడమటి ఒడ్డున ఉన్న మన వైపుకి వచ్చింది ఇటలీలోని మిలాను నుంచి బయల్దేరిన మిషనరీ గురువులు. నేడు పీమే అని పిలుస్తున్నది వాళ్ళ సభనే. అప్పట్లో మనం హైదరాబాదు మేత్రాసనం, అంటే అక్కడి బిషపుగారి పరిధి, కింద ఉండేవాళ్ళం. అది 1886లో ఏర్పడింది. 1933లో బెజవాడ మిషన్ విడిపోయింది, 1937లో మేత్రాసనం అయింది. 1976లో ఏలూరు మేత్రాసనం ఏర్పడి, జాన్ ములగాడ గారు మొదటి పీఠాధిపతి (బిషపు) అయ్యారు. మన పెద్దలు ఇప్పటికీ "బెజవాడ మేత్రాణులు" (బెజవాడ బిషపుగారు) అంటూ పాత మాటలు చెబుతారు, పిల్లలకి అర్థం కాదు. గుణదల మాతకి మనవాళ్ళు ఏటా ఫిబ్రవరిలో మూటలు కట్టుకుని బయల్దేరే అలవాటు కూడా ఆ బెజవాడ రోజులదే. గుణదలలో మరియమాత స్వరూపాన్ని 1924లో పెట్టింది కూడా ఆ మిలాను సభ గురువే, ఫాదర్ అర్లాటి.

గురువులు ఏడాదికి నాలుగైదు సార్లు వచ్చేవారు, అదీ పడవ మీద. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాటన్ దొర తవ్వించిన కాలువలు నీళ్ళకే కాదు, ప్రయాణాలకీ దారులయ్యాయి. రోడ్డు లేని ఊరికి కాలువే రోడ్డు. మన గుడికి ఇటుక, పెంకు, కలప అన్నీ కాలువ మీదే వచ్చాయి. ముఖద్వారం తలుపు టేకుది. భద్రాచలం పై అడవుల్లో కొట్టిన టేకుని తెప్పలు కట్టి గోదావరిలో వదిలేవారు, రాజమండ్రిలో పట్టేవారు. ఈ తలుపు కర్ర కూడా ఆ దారినే దిగింది. ఎన్ని వరదలు చూసిందో గానీ, దాని కొయ్య చీలల్లో ఒక్కటి కూడా వదులు కాలేదు.

గురువు లేని ఆదివారాల్లో గుడిని నడిపింది ఉపదేశిగార్లు. జపం చెప్పించడం, పిల్లలకి సత్యోపదేశం నేర్పడం, చావు వస్తే మట్టి చెయ్యడం అంతా వాళ్ళే. మన పేట పిల్లలు మొదట పలక పట్టింది కూడా ఈ గుడి వసారాలోనే. ఊళ్ళో బడి అరుగు ఎక్కనివ్వని రోజులవి. గుడి అంటే మనకి ఇంత పట్టుదల ఎందుకో బయటివాళ్ళకి అర్థం కావాలంటే ఈ ఒక్క మాట చాలు.

కట్టడానికి గురువులు తెచ్చిన డబ్బు కొంత, మనవాళ్ళ కష్టం కొంత. మగవాళ్ళు పగలు రైతుల పొలాల్లో చేసి, వెన్నెల రాత్రుల్లో ఇటుక మోశారు. ఆడవాళ్ళు సున్నం గంపలు మోశారు. ప్రతి ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టేముందు ఒక గుప్పెడు బియ్యం తీసి గుడి కుండలో వేసేవాళ్ళు, ఆ బియ్యం అమ్మి మేస్త్రీల కూలి ఇచ్చేవాళ్ళు. ఈ గుప్పెడు బియ్యం ఇంకా ఆగలేదు. ఈ ఏడాది మరమ్మతుకి వచ్చిన మొదటి డబ్బు దానిదే.

గోడ చెప్పిన జవాబు

ఇక మామ్మగారి ప్రశ్నకి వద్దాం.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మనలో చాలామందికి గుర్తుంది. నది అవతల కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమైన రాత్రి అది. మన గుడి పెంకులు సగం లేచిపోయాయి. దక్షిణపు గోడ సున్నం పూత వాన దెబ్బకి పెచ్చులుగా రాలింది. లోపల తలదాచుకున్న పేట జనం మాత్రం అందరూ క్షేమంగా తెల్లవారడం చూశారు. తర్వాత విరాళాలు పోగుచేసి, ఒక కాంట్రాక్టరుకి పని ఇచ్చాం. ఆయన ఆ ఒక్క గోడకీ సిమెంటు పూత పూసి, గోడ మొదట్లో పొడుగునా సిమెంటు గట్టు పోశారు. ఆ రోజుల్లో సిమెంటు అంటే గట్టిదనం, అందరం సంతోషించాం. ఆ పని దగ్గరుండి చేయించినవాళ్ళలో మా నాన్నగారూ ఉన్నారు. ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు, జరిగింది తెలియాలి కాబట్టి రాస్తున్నాను. ఉత్తరపు గోడకి డబ్బు చాలక పాత సున్నమే ఉండిపోయింది. ఈ రోజు ఆరోగ్యంగా ఉన్నది అదే.

కారణం ఇది. మన నేలలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. కాలువ పక్కనే. ఇటుక ఆ నీటిని దీపం వత్తి నూనెని లాగినట్టు పైకి లాగుతుంది. సున్నం పూత ఉన్న గోడలో ఆ చెమ్మ బయటి గాలికి ఆరిపోతుంది. కొత్త కుండ చెమర్చినట్టే గోడ కూడా చెమర్చి ఆరుతుంది. సిమెంటు పూత పూస్తే కుండకి పాలిథిన్ కవరు చుట్టినట్టే. చెమ్మ లోపలే ఉండిపోతుంది, దారి వెతుక్కుంటూ ఇంకా పైకి ఎక్కుతుంది. నీటితో పాటు వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి, ఇటుకని లోపల్నుంచి పొడి చేస్తుంది. దాన్నే మనం చవుడు పట్టిందంటాం. కింద పోసిన గట్టు వల్ల గోడ పక్క నేల కూడా ఊపిరాడక, చెమ్మ మొత్తం గోడకే ఎక్కింది. ఇంజినీరుగారు గోడలో బలం లేదన్నది కంటికి కనిపించినంత వరకు నిజమే. ఆ బలం ఎందుకు పోయిందో చూసే తీరిక ఆయనకి లేకపోయింది.

ఇంత తెలిసింది పాలకొల్లు వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద మేస్త్రిగారి వల్ల. డెబ్బై దాటిన మనిషి. సున్నంతో కట్టడం వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నారు, ముప్పై ఏళ్ళుగా ఆ పని అడిగినవాళ్ళే లేరట. గుడికి వచ్చిన రోజు ఆయన గోడని చూడలేదు, వాసన చూశారు. తర్వాత సుత్తి వెనక్కి తిప్పి టకటకా కొడుతూ పొడుగునా నడిచారు. సిమెంటు ఉన్న చోట బోలు చప్పుడు, సున్నం ఉన్న చోట గట్టి చప్పుడు. "ఆయ్, గోడ బతికే ఉందండి. మీద వేసిన చొక్కాయే బిగుతైపోయింది" అన్నారు.

వేసవిలో కాలువలు కట్టేసే రోజుల కోసం ఆగాం. ఆనకట్ట దగ్గర పడమటి కాలువలు మొదలయ్యే విజ్జేశ్వరం నుంచి నీళ్ళు ఆపాక పదిహేను రోజుల్లో నేలలో నీటిమట్టం దిగుతుంది, గోడ ఆరడానికి ఏడాదిలో అదొక్కటే అదను. ఈస్టర్ వెళ్ళిన వారంలో సిమెంటు పూత కొట్టడం మొదలుపెట్టాం. ఉలి, చిన్న సుత్తి తప్ప మిషన్లు వాడలేదు, అదిరితే మంచి ఇటుక కూడా కదులుతుందని. గట్టు పగలగొట్టి తీసేశాం. తర్వాత ఇరవై రోజులు గోడని ఊరికే వదిలేశాం. పని ఆపేశారేంటని చాలామంది అడిగారు. ఆపలేదు, గోడ ఆరుతోంది. తెల్లారేసరికి ఇటుకల మీద తెల్లటి నూగులా ఉప్పు తేలేది. పిల్లలు రోజూ ఉదయం బ్రష్షుతో దులిపి, పాత గుడ్డల్లోకి పట్టి దూరంగా పారేసేవాళ్ళు. పదిహేనో రోజుకి నూగు పలచబడింది.

సున్నం పని అంతకుముందే, ఫిబ్రవరిలో మొదలైంది. గుడి వెనక గొయ్యి తీసి, గుల్లసున్నం పోసి, నీళ్ళు వదిలాం. గొయ్యి కుతకుతా ఉడికి, ఆవిరి గంట సేపు లేచింది. చూడ్డానికి సగం పేట వచ్చింది. పైన నాలుగు వేళ్ళ మందం నీళ్ళు ఎప్పుడూ ఉండేలా చూస్తూ, రోజు విడిచి రోజు కర్రతో కలుపుతూ రెండు నెలలు నానబెట్టాం. మే వచ్చేసరికి అది వెన్న. తాపీ మీద వేస్తే జారకుండా నిలబడింది. దానికి ఏటి ఇసుక, సిమెంటు అంటని పాత ఇటుకల్ని దంచి జల్లించిన పొడి కలిపాం. ఎద్దుల గానుగ ఇప్పుడు మాకు దొరకలేదు కాబట్టి రోకళ్ళతో దంచాం, ఆడవాళ్ళు, మగవాళ్ళు వంతులవారీగా. కరక్కాయలు కొట్టి మూడు రోజులు నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోస్తూ కలిపారు. కోడిగుడ్డు కూడా వేస్తారా అని చాలామంది అడిగారు. ఈ గోడకి అక్కర్లేదన్నారు మేస్త్రిగారు.

పూర్తిగా పొడైపోయిన ఇటుకల్ని ఒక్కొక్కటే తీసి, కూలిన పాత ఇళ్ళ దగ్గర ఏరుకొచ్చిన అదే కొలత ఇటుకలు పెట్టాం. ఇప్పటి ఇటుక మందం ఎక్కువ, వరసలో కూర్చోదు. తర్వాత పూత, మూడు పలచటి పొరలుగా. ఒక్కో పొర వేశాక తడి గోనెసంచులు కప్పి, వారం పాటు నీళ్ళు చల్లాం. సిమెంటులా రాత్రికి రాత్రి బిగియదు సున్నం. గాలిలోంచి కార్బన్ డయాక్సైడుని కొంచెం కొంచెంగా లాక్కుని మళ్ళీ రాయిలా మారుతుంది, దానికి నెలలు పడుతుంది. తొందరపడి ఎండకి వదిలితే నెర్రెలు. ఆఖరి పొరని నున్నటి రాయితో రుద్దారు. నేను కూడా ఒక అడుగు మేర రుద్దాను. భుజం మూడు రోజులు నొప్పి పుట్టింది. గోడ మీద చెయ్యి పెడితే చల్లగా, పొడిగా ఉంది. చెయ్యి తీసి చూసుకుంటే అరచేతికి ఏమీ అంటలేదు.

నేలకి విట్రిఫైడ్ టైల్సు వేయిస్తామని ఒక దాతగారు ముందుకొచ్చారు. ఆయన ప్రేమకి కృతజ్ఞతలు. కానీ నేల మూసేస్తే చెమ్మ మళ్ళీ గోడలకే ఎక్కుతుంది. పాత నాపరాళ్ళనే ఎత్తి, కింద ఇసుక సరిచేసి, సందుల్లో సున్నం పెట్టి తిరిగి పరిచాం. దాతగారు నచ్చజెబితే విని, ఆ డబ్బు పైకప్పు వాసాలకి ఇచ్చారు.

ఏడాదిలో మిగతావి

మార్చి 5న విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందు వచ్చే తపస్కాలమంతా, యేసు సిలువ మోసిన దారిని తలచుకునే సిలువ మార్గం ప్రార్థన గుడి బయటే జరిగింది, పద్నాలుగు స్థలాలూ కాలువ గట్టు పొడుగునా పెట్టుకున్నాం. ఏప్రిల్ 20న ఈస్టర్. మర్నాడే ఫ్రాన్సిస్ పోపు జగద్గురువులు కన్నుమూశారు. ఆ సాయంత్రం ఆయన వయసుకి లెక్కగా 88 సార్లు గంట కొట్టాం. మధ్యలో తాడు తెగింది. కుర్రాళ్ళు స్తంభం ఎక్కి, మిగిలినవి చేత్తో గంట నాలుకని పట్టుకుని కొట్టారు. కొత్త పోపును ఎన్నుకున్న కార్డినళ్ళలో మన తెలుగువారు, హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కూడా ఉండడం పేటలో అందరికీ గర్వంగా అనిపించింది. మే 8న పద్నాలుగవ లియో పోపు ఎన్నికైన వార్త వచ్చేసరికి మేము సున్నం దంచుతున్నాం.

జూలై 26న పునీత అన్నమ్మ పండుగకి ఒక బస్సు కట్టుకుని యానాం వెళ్ళాం. ఫ్రెంచి వాళ్ళ కాలంలో, 1846లో కట్టిన గుడి అది. అన్నమ్మగారు యేసు ప్రభువుకి అమ్మమ్మ కాబట్టి మన మామ్మలందరినీ ముందు సీట్లలో కూర్చోబెట్టాం. తిరిగొచ్చేటప్పుడు ఎదుర్లంక వంతెన మీద బస్సు ఆపమన్నారు, గౌతమిని చూస్తామని.

జ్ఞానస్నానాల పాత రిజిస్టరుని మన గుళ్ళ బాధ్యత చూసే విచారణకర్త ఫాదరుగారి అనుమతితో పేజీ పేజీ ఫొటో తీసి, కాపీ రాసుకుంటున్నాం. లాటిన్‌లో ఉంది. మొదట్లో భయపడ్డాం గానీ నాలుగు మాటలు తెలిస్తే చాలు, మిగతావన్నీ పేర్లే. ఫాదరుగారు పేత్రుస్ అని రాశారు, ఇంట్లో ఆయన రాయప్ప. పౌలుస్ అంటే చిన్నప్ప. ఇగ్నాసియుస్ అంటే ఇన్నయ్య, శవేరియుస్ అంటే శౌరయ్య. డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి రాస్తూ రాస్తూ ఆగి, "మా తాతగారి నాన్న" అంది. వేలు ఆ గీత మీదే పెట్టి చాలాసేపు తియ్యలేదు. ఇంకా సగం రిజిస్టరు మిగిలింది, దస్తూరి బాగున్నవాళ్ళు కావాలి.

బలిపీఠం మీద పరిచే లేసు గుడ్డ చిరిగిపోతే, పేట ఆడవాళ్ళు పదకొండు మంది కలిసి కొత్తది అల్లారు. నరసాపురం లేసు దేశదేశాలకి వెళ్తుంది గానీ అల్లినవాళ్ళ ఇంట్లో ఒక్క ముక్క ఉండదు. ఇది మాత్రం మన గుడిలో, మన కళ్ళ ముందు ఉంటుంది.

మొంథా రాత్రి

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. రెండు రోజుల ముందు నుంచే అందరికీ టెన్షన్. పూత వేసి ఆరు నెలలు కూడా నిండలేదు, సున్నం ఇంకా పూర్తిగా బిగియలేదు. దక్షిణపు గోడకి వాసాలకి కట్టి తాటాకు తడికలు దించాం. చూరు వైపు మొదటి మూడు వరసల పెంకుల్ని ఆగస్టులోనే రీపర్లకి తీగతో కట్టాం. గాలి పెంకుని కింది నుంచి, చూరు దగ్గరే లేపుతుంది. అక్కడ పట్టు దొరక్కపోతే పైవాటి జోలికి పోదు. శిఖరం మీది మూత పెంకుల్ని కూడా సున్నంతో బిగించాం.

సాయంత్రానికి పాక ఇళ్ళవాళ్ళందర్నీ స్కూలు బిల్డింగుకి పంపించాం. అయినా కొందరు పెద్దవాళ్ళు, మేము గుడిలోనే ఉంటామని కదల్లేదు. వాళ్ళతో పాటు మేము ఆరుగురం ఉన్నాం. రాత్రి పదకొండు దాటాక గాలి చప్పుడులో పక్క మనిషి మాట వినపడలేదు. ఒక మామ్మగారు జపమాల చెబుతుంటే పెదవులు చూసి సమాధానం చెప్పాం. జనవరిలో ఆ ప్రశ్న అడిగింది ఆవిడే. అర్ధరాత్రి టార్చి వేసి గోడ పొడుగునా నడిచాను. బయటి నుంచి వాన కొడుతూనే ఉంది, లోపల గోడ పొడిగా ఉంది.

తెల్లారాక లెక్క చూశాం. పెంకులు పదిహేడు పోయాయి. తడికలు మూడు ఎగిరిపోయాయి. పడమటి ముక్కోణపు గోడ మీది సిలువ కొంచెం వంగింది. దక్షిణపు పూతలో కిటికీ కింద జానెడు మేర రాలింది, అక్కడ తడిక చాలలేదు. వేపచెట్టు పెద్ద కొమ్మ విరిగి గంట స్తంభాలకీ గుడికీ మధ్య ఖాళీలో పడింది.

నవంబరు 2 సమాధుల పండుగకి నాలుగు రోజులే ఉండడంతో అందరం ముందు శ్మశానంలో పడ్డ చెట్లు తీశాం. ఆ ఆదివారం సాయంత్రం కొవ్వొత్తులు ఎప్పటిలాగే వెలిగాయి. గుడి పనులు తర్వాత చేసుకున్నాం.

క్రిస్మస్ రాత్రి పూజ బెంచీలు లేకుండా, పూర్వంలా చాపల మీద జరిగింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి వెనక కుర్చీలు వేశాం. ఇలాగే కొనసాగిద్దామని కొందరు, బెంచీలు కావాలని కొందరు అంటున్నారు. సమావేశంలో మాట్లాడుకుందాం.

జమాఖర్చుల పట్టిక గుడి వసారాలో అతికించాం, ఊరవతలి సభ్యులకి ఫోన్‌లో పంపాం. ప్రతి రసీదూ కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా ఎప్పుడైనా చూడొచ్చు. కూలి తీసుకోకుండా చేసిన రోజులు డబ్బుగా రాయలేదు, పేర్లు మాత్రం పుస్తకంలో రాశాం. మేస్త్రిగారు తన కూలిలో సగం వెనక్కి ఇచ్చారు, బదులుగా మన కుర్రాళ్ళలో ఇద్దర్ని తన దగ్గర పని నేర్చుకోమన్నారు. ఇద్దరూ వెళ్తున్నారు.

వచ్చే ఏడాదికి మూడు పనులు ఉన్నాయి. కిటికీ కింద రాలిన జానెడు పూత. సిలువని దింపి నిటారుగా నిలబెట్టడం. తూర్పు గోడ వెలుపల, పాత బలిపీఠం వెనక ఎప్పుడో పూసిన సిమెంటు ముక్క, అది కూడా చెమ్మ పడుతోంది. వేసవిలో కాలువలు కట్టగానే మొదలుపెట్టాలి, కాబట్టి సున్నం గొయ్యి ఫిబ్రవరి మొదటి వారంలో నింపుతాం. గుల్లసున్నానికి అడ్వాన్సు ఇచ్చేశాం. రోజు విడిచి రోజు కలపడానికి మనుషులు కావాలి. ఉదయం ఆరింటికి, పూజ గంట కొట్టకముందు వచ్చేవాళ్ళు పేర్లు ఇవ్వండి. గొయ్యి దగ్గరికి చిన్నపిల్లల్ని ఒంటరిగా రానివ్వకండి, సున్నం ఉడికేటప్పుడు కళ్ళలో పడితే ప్రమాదం. గంటకి కొత్త తాడు కొన్నాం, నైలాన్ కాదు, కొబ్బరి పీచుది.

కార్యదర్శి